పదిహేనో గడి

పలాసలో మార్చి గాలికి
కాలిన జీడితొక్క వాసన.
ఆ వాసనలో గొడుగేసుకుని
ఇంటింటికీ తిరుగుతున్నాను.
ఒంటిపూట బడిది. మిగిలిన పూట సర్వేది.

ట్యాబులో పదిహేనో గడి: చదువు.
నొక్కితే కిందికి ఒక నిచ్చెన జారుతుంది.
నిరక్షరాస్యులు,
బడికి వెళ్ళకుండా అక్షరాస్యులు,
ఐదులోపు, ఎనిమిదిలోపు, పది, ఇంటరు,
డిగ్రీ, ఆపైన.
మనిషికి ఒక్కటే మెట్టు.
రెండు నొక్కనివ్వదు.

సనపల జోగారావు "ఎనిమిది" అన్నాడు.
"ఏడే. ఎనిమిది తప్పీసినాడు"
లోపల్నుంచి వాళ్ళమ్మ.
ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఆ ఇంట్లో
ముప్పై ఏళ్ళ తగువు ఉందని
నాకేం తెలుసు?
ఎనిమిదిలోపు అని నొక్కి బయటపడ్డాను.

పక్కింటి కుర్రాడు బీటెక్.
నేల చూస్తూ చెప్పాడు.
వృత్తి దగ్గర "ఖాళీగా వదిలేయండి మేడమ్" అన్నాడు.
ఖాళీ ఒప్పుకోదు ఇది.
నేను వెతికి వెతికి ఆ మాట నొక్కేలోపు
వాళ్ళ నాన్న లేచి
ఆవుకి నీళ్ళు పెట్టే పనుందని వెళ్ళిపోయాడు.
ఆ ఇంట్లో ఆవు లేదు.

తర్వాత తామాడ దాలమ్మ.
డ్యూటీ దిగి అరుగు మీద కూర్చుంది.
"ఏం చదివావప్పా?"
"నానా? జీడిపప్పు సదివినాను."

నవ్వుతూనే చెప్పింది.
ముందు కొట్టుడు, తర్వాత ఒలుపుడు,
ఇప్పుడు గ్రేడింగు.
చూడక్కర్లేదట. వేళ్ళే చెబుతాయట
గుండేదో, బద్దేదో,
రెండు నలభై ఏదో, మూడిరవై ఏదో,
ఏ గింజ కడుపులో పురుగుందో.
"మీదీ గ్రేడింగే కదండీ పంతులమ్మా.
మరి ముక్కల్ని ఏటి సేస్తారు మీ కాడ?
మా కాడయితే మిఠాయి కొట్లకెల్తాయి."

నేను మొదటి మెట్టు నొక్కాను.

ఇక వేలిముద్ర.
కుడి బొటనవేలు: సరిపోలలేదు.
ఎడమది: సరిపోలలేదు.
కొంగుకి తుడుచుకుంది, తలనూనె రాసుకుంది,
పది వేళ్ళూ వరసగా పెట్టింది.
జీడి రసం ఇరవై రెండేళ్ళు తిన్న వేళ్ళవి.
గీతల్లేవు. కడిగిన పలకలా ఉన్నాయి.
"డిపోలోనా ఇంతేనండి. మా కోడలు ఏలు పెడతాది."

శ్రీకాకుళం శిక్షణలో అన్నారు మాతో:
చదువు రానివాళ్ళతో ఇబ్బందేముంది, వేలుంటుందిగా!

మూడుసార్లు విఫలమైతే
ఇంకొక కిటికీ తెరుచుకుంటుంది.
ఇక్కడ సంతకం చేయండి.

నేను తలెత్తలేకపోయాను.
ఆమె మాత్రం ట్యాబు ఒళ్ళోకి తీసుకుని
"జీతం సీటీ మీద నా పేరు ఇలగుంటాది" అంటూ
ముగ్గు వేసినట్టు మొదలెట్టింది.
కిందనుంచి పైకి.
ముందు ఒత్తు, తర్వాత దాని తల,
అన్నిటికన్నా చివర మొదటి అక్షరం.
స్వీకరించబడింది, అంది యంత్రం.
వెంటనే ఎర్రగా ఇంకో మాట:
పదిహేనో గడి సంతకంతో సరిపోలడం లేదు. పరిశీలించండి.

రెండో మెట్టుకి మార్చనా?
చదివి అర్థం చేసుకుంటేనే అక్షరాస్యులని నిబంధన.
ఆమెకి తెలిసింది నాలుగక్షరాల బొమ్మ.
అడిగాను.
"మారిస్తే పింఛను పోతాదా?"
"పోదు."
"అలగైతే మీ ఇష్టం."
లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

రాత్రి ఇంట్లో లెక్క చూసుకున్నాను.
ఇరవై తొమ్మిది ఇళ్ళు పచ్చరంగు.
ఒకటి పసుపు, పెండింగు.
వస్తూంటే ఆమె చేతిలో పెట్టిన
ముక్కల పొట్లం విప్పాను. పాత జీతం చీటీ అది.
దాని మీద అచ్చులో డాలమ్మ అని ఉంది.
సంతకం తెరిచి చూశాను.
అదే. డాలమ్మ.
దిద్దడానికి చెయ్యి లేచింది,
పదహారేళ్ళ ఎర్రసిరా చెయ్యి.
దింపుకున్నాను.

గడువు రేపు సాయంత్రం ఐదింటికి.
పొట్లంలో ముక్కలు ఒక్కొక్కటే తింటూ
ఆ పసుపు రంగుని చూస్తున్నాను.